కాఖేతి, ఇమెరేతి: జార్జియా బృందయాత్రకు ఏది మేలు?

ద్రాక్షసారాయే ప్రధానాకర్షణ అనుకునే బృందానికి జార్జియా దేశపు తూర్పున ఉన్న కాఖేతి ప్రాంతం సహజమైన ఎంపిక. అక్కడ ద్రాక్షరసాన్ని తొక్కలు, గింజలు, కాడలతో సహా నేలలో పాతిన క్వెవ్రి అనే మట్టికాగుల్లో నెలల తరబడి ఉంచుతారు కాబట్టి, తెల్లద్రాక్షతో చేసిన సారాయికి కూడా తేనెరంగు, గట్టి వగరు వస్తాయి. ఈ పద్ధతిని 2013లో యునెస్కో మానవాళి అమూర్త వారసత్వంగా గుర్తించింది. 11వ శతాబ్దపు చర్చి ఉన్న అలావెర్ది మఠంలో సన్యాసులే సారాయి చేస్తారన్నది, మన కంటికి కొంత విడ్డూరమే.

పశ్చిమాన ఉన్న ఇమెరేతిలో అవే కాగులను చూరి అంటారు. తొక్కలను కొంతమేరకే కలుపుతారు గనుక సారాయి తేలికగా ఉంటుంది. చరిత్ర విషయంలో మాత్రం ఇమెరేతిదే పైచేయి: కుతాయిసి నగర సమీపంలో జార్జియా రాజు నాలుగవ దావీదు 1106లో స్థాపించిన గెలాతి మఠం యునెస్కో జాబితాలో ఉంది, ఆ రాజు సమాధీ అక్కడిదే. చీజు నింపిన ఇమెరేతి ఖాచాపురి రొట్టె, ఆకుకూరలను అక్రోటు ముద్దతో కలిపి చేసే ప్ఖాలి మాంసం ముట్టనివారికి ఊరట.

తమదా, అంటే శుభాకాంక్షలు పలుకుతూ విందును నడిపే పెద్ద, ఆధ్వర్యంలో సాగే సంప్రదాయ సుప్రా విందు రెండుచోట్లా దొరుకుతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ర్త్వేలి, అంటే ద్రాక్షకోత, చూడదలిస్తే నేను కాఖేతినే ఎంచుకుంటాను. మిగతా కాలంలో ఇమెరేతిని.