పదేళ్లు దాటిన నా డెస్క్‌టాప్: ఏవి మార్చాను, ఎక్కడ ఆపాను

2014లో విడిభాగాలు కొని బిగించుకున్న డెస్క్‌టాప్ ఇది. నాలుగో తరం ఇంటెల్ కోర్ ఐ5 4590 ప్రాసెసర్, హెచ్81 చిప్‌సెట్ మదర్‌బోర్డ్, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. పదేళ్లకు పైగా రోజూ దీనిమీదే రాతపని, ఫొటోల ఎడిటింగ్, బ్రౌజర్‌లో లెక్కలేనన్ని ట్యాబులు. పాత మెషిన్‌నే బాగుచేసుకోవాలా, తీసేసి కొత్తది కొనాలా అన్నది తేలక సతమతమయ్యేవాళ్లకు నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను. మదర్‌బోర్డ్ మార్చే అవసరం రానంతవరకూ అప్‌గ్రేడే లాభం. మదర్‌బోర్డే అడ్డుపడుతోందని తేలాక మాత్రం ఆ పాత సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) మీద ఇంకో పైసా పెట్టకూడదు.

మెషిన్ నెమ్మదించగానే అందరి అనుమానం ప్రాసెసర్ మీదికే వెళ్తుంది. విండోస్‌లో ఏది ఎంత వాడుతోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి ఉంచి ఎప్పటిలా పని చేసుకుంటూ చూడండి, ఎక్కడ ఆగుతోందో తెలిసిపోతుంది. నా దాంట్లో విండోస్ వచ్చాక చాలాసేపు డిస్క్ 100 శాతం దగ్గరే ఉండిపోయేది, సీపీయూ వాడకం మాత్రం నామమాత్రం. హార్డ్ డిస్క్‌లో హెడ్ కదిలి కావలసిన చోటికి చేరడానికే పది మిల్లీసెకన్ల దాకా పడుతుంది. కదిలే భాగాల్లేకుండా చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీకి అందులో వందో వంతు చాలు. విండోస్ మొదలయ్యేటప్పుడు చదివేవన్నీ చిన్న చిన్న ఫైళ్లే కాబట్టి తేడా అంతా అక్కడే. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ వేసి విండోస్ దానిమీదికి మార్చాక, ఇక మెషిన్ మార్చాలన్న ఆలోచనే కొన్నేళ్లపాటు రాలేదు. పదేళ్లలో పెట్టిన ఖర్చుల్లో దీనంత ఫలితం మరేదీ ఇవ్వలేదు. హెచ్81 బోర్డులో డిస్కుల కేబుళ్లు పెట్టే నాలుగు సాటా పోర్టులుంటే రెండే 6 గిగాబిట్ వేగానివి, మిగతా రెండూ అందులో సగం. ఏది ఏదో మాన్యువల్‌లో చూసి కేబుల్ పెట్టుకోవాలి.

తర్వాత ర్యామ్. ఈ బోర్డుకు ఉన్నవి రెండే స్లాట్లు, రెండింట్లోనూ 4 జీబీ ముక్కలు. 16 చేయాలంటే రెండూ తీసేసి 8 జీబీవి జతగా వేయాల్సిందే. డీడీఆర్3 కొత్త బోర్డులోకి రాదని తెలిసే వేశాను, ఎందుకంటే అప్పటికి 8 జీబీ నిండిపోయి, పట్టనిదంతా ఎస్‌ఎస్‌డీ మీద పెట్టుకుంటూ ఫొటో సాఫ్ట్‌వేర్ దాన్ని నమిలేస్తోంది. ర్యామ్ నిండనివాళ్లకు మాత్రం దీనివల్ల ఒరిగేదేమీ ఉండదు.

పైసా ఖర్చు లేదన్నంత చవకగా అయ్యే పని ఇంకొకటి ఉంది, చాలామంది పట్టించుకోరు. కొన్నేళ్లయ్యాక ఫ్యాన్ గట్టిగా అరవడం, ఫొటోల ఎక్స్‌పోర్ట్ మొదలుపెట్టగానే ఉష్ణోగ్రత 90 డిగ్రీలు దాటడం మొదలైంది. నూరుకు చేరితే ఈ ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ప్రాసెసర్ వేడిని లాగే హీట్ సింక్ విప్పితే, రెంటి మధ్య వేడిని అందించే పాత థర్మల్ పేస్ట్ ఎండిన సున్నంలా పెచ్చులుగా రాలింది. తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టి, దుమ్ము దులిపాను. ఇంటెల్ కూలర్‌కు నాలుగు మూలలా నొక్కుడు పిన్నులుంటాయి. వాటిని ఎదురెదురుగా, ఐమూలగా నొక్కాలి, నాలుగూ టక్కుమనాలి. ఒక్కటి కూర్చోకపోయినా చేసిన పనంతా వృథా. బోర్డు వెనకవైపు నుంచి నాలుగు పిన్నుల చీలికలూ పూర్తిగా బయటికి వచ్చాయో లేదో చూసుకున్నాకే క్యాబినెట్ మూశాను.

గ్రాఫిక్స్ కార్డ్ వేసింది ఆటల కోసం కాదు. యూట్యూబ్ 4కే వీడియోలు ఎక్కువగా వీపీ9 అనే వీడియో ఫార్మాట్‌లో వస్తాయి, ఈ తరం ఇంటెల్ గ్రాఫిక్స్ దాన్ని పూర్తిగా తానే డీకోడ్ చేయలేదు, భారం చాలావరకు ప్రాసెసర్ మీద పడుతుంది. జీటీఎక్స్ 1050 టీఐ వేశాక ఆ బాధ తీరింది. నేను తీసుకున్న మోడల్‌కు విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు, స్లాట్ ఇచ్చే 75 వాట్లు చాలు. పాత ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) ఉన్నవాళ్లు ముందు చూడాల్సింది ఇదే.

ఇదే సాకెట్‌కు ఐ7 4790 వేయమని చాలామంది సలహా ఇచ్చారు. కోర్లు అవే నాలుగు, థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు) ఎనిమిదవుతాయి, అది నిజమే. కానీ దొరికేవి వాడేసినవే. పైగా విండోస్ 11 అధికారిక జాబితాలో ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే చోటు, ఐ7 అయినా నాలుగో తరం నాలుగో తరమే. అందుకే వద్దనుకున్నాను.

చివరికి తేల్చింది కూడా విండోసే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ముగిసింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 భద్రతా చిప్ తనిఖీని తప్పించి 11 ఎక్కించే దారులున్నాయి గానీ, అలాంటి మెషిన్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఏమీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. నా పని ఫైళ్లున్న మెషిన్‌తో ఆ సాహసం చేయను.

బీ550 బోర్డు, ఆరు కోర్ల ఏఎండీ రైజెన్ 5 5600 ప్రాసెసర్, 16 జీబీ డీడీఆర్4 తీసుకున్నాను. 5600లో సొంత గ్రాఫిక్స్ ఉండదు, పాత కార్డే అక్కరకొచ్చింది. ఎస్‌ఎస్‌డీ, క్యాబినెట్, మానిటర్ కూడా పాతవే. ఎస్‌ఎంపీఎస్ మాత్రం మార్చాను. అన్నేళ్లు వేడిలో నలిగిన కెపాసిటర్లను నమ్మి కొత్త బోర్డును పెట్టబుద్ధి కాలేదు. విండోస్ లైసెన్స్ సంగతి ముందే చూసుకోండి: విడిగా కొన్న రిటైల్‌ది కొత్త బోర్డుకు మార్చుకోవచ్చు, మెషిన్‌తో ముడిపడి వచ్చే ఓఈఎం అయితే పాత బోర్డుతోనే పోతుంది.

తేడా ఎంతంటే, ఫొటోల ఎక్స్‌పోర్ట్‌లో చాలా ఉంది. బ్రౌజర్‌లో, రాతపనిలో మాత్రం ఎస్‌ఎస్‌డీ వేసిన రోజు కలిగిన ఆశ్చర్యంలో పావు వంతు కూడా కలగలేదు. పాత బోర్డు మీద లైనక్స్ మింట్ వేశాను. ఇంట్లోవాళ్లు సినిమాలు చూసుకోవడానికీ, మెయిళ్లకూ దాన్నే వాడుతున్నారు, హాయిగా నడుస్తోంది. మీ పని అంతవరకే అయితే కొత్తది కొనక్కర్లేదు, ఈ దారిలోనే వెళ్లండి.

మొదటి తరం రైజెన్ ప్రాసెసర్, ఏఎం4 సాకెట్ బోర్డు ఉన్నవాళ్లది మరీ మంచి పరిస్థితి. తయారీదారు కొత్త బయోస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) ఇచ్చి ఉంటే అదే బోర్డులో 5600 కూర్చుంటుంది, విండోస్ 11 గొడవా తీరుతుంది. ఇంటెల్ ఆరు, ఏడు తరాలవాళ్లకు ఆ వీలు లేదు. సాకెట్ పేరు అదే 1151 అయినా ఆ బోర్డులు ఎనిమిదో తరాన్ని తీసుకోవు. పేరు చూసి ప్రాసెసర్ కొనకండి, బోర్డు తయారీదారు సైట్‌లో సీపీయూ సపోర్ట్ జాబితా చూసి కొనండి.