మంచులో మునిగిన స్కీ: రిబ్బనా, ట్యాగా, చేత్తో వెతకడమా? ఏది మేలు?

కిందటి ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో, సాల్ట్‌లేక్ సిటీ పక్కనున్న లిటిల్ కాటన్‌వుడ్ లోయలో స్కీయింగ్ చేస్తూ మా బావమరిది పడ్డాడు. దెబ్బ తగిలే పాటేం కాదు. రాత్రంతా కురిసిన కొత్త మంచు తొడల దాకా ఉంది. ఎడమ స్కీ ముక్కు లోపలికి దిగబడింది, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఊడింది, మనిషి రెండు పల్టీలు కొట్టి మెత్తగా కూలబడ్డాడు. నవ్వుతూ లేచి, కాళ్లకేసి చూసుకుని, "బావా, ఒక్కటే ఉంది" అన్నాడు.

రెండోది దొరికేసరికి యాభై నిమిషాలైంది. అతను లేచి నిలబడ్డ చోటు చుట్టూ, ఆ కింద, ముగ్గురం కలిసి కాళ్లతో, చేతికర్రలతో (పోల్స్) కెలుకుతూనే ఉన్నాం. స్కీ మాత్రం మాకు ఎగువన, వాలు మీద ఉంది. బైండింగ్ ఊడిన చోటికి రెండడుగుల అవతల, మోకాలి లోతులో. ఆ రోజు నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. ఈ సీజన్‌లో ఉన్న మార్గాలన్నీ ఒక్కొక్కటిగా వాడి చూశాను. నాకు తేలింది రాస్తున్నాను.

ముందు అసలు స్కీ ఎందుకు మాయమవుతుందో చెప్పాలి. బూటు ఊడగానే బైండింగ్ పక్కనుంచి రెండు చిన్న కొమ్మల్లాంటి బ్రేకులు కిందికి దిగుతాయి. గట్టి మంచు మీద అవి గీరుకుని స్కీని అక్కడికక్కడే ఆపేస్తాయి. కొత్త మంచులో గీరుకోవడానికి వాటికి గట్టిదేమీ దొరకదు. స్కీ జలగలా లోపలికి దూరి, కొంత దూరం లోపల్లోపలే పోయి ఆగుతుంది. పైన మంచు దానంతటదే పూడుకుంటుంది. యూటా మంచు మరీ పొడి, ముగ్గుపిండిలా ఉంటుంది, గుర్తు మిగలదు. మేముండే సియాటెల్ వైపు కాస్కేడ్ కొండల్లో మంచు బరువు, తడి ఇసుకలా ఉంటుంది. అక్కడ స్కీ అంత లోతుకు పోదు, దూరిన చోట గాటైనా కనిపిస్తుంది. ఈ పొడి, తడి తేడా కిందచెప్పే ప్రతిదానికీ పనికొస్తుంది.

చేత్తో వెతకడం దగ్గర మొదలుపెడతాను. దీనికి ఖర్చు లేదు, కరెంటు అక్కర్లేదు, ఏ మార్గం పనిచేయకపోయినా చివరికి మిగిలేది ఇదే. ఇందులో మొదటి నిమిషమే కీలకం. మనిషి పడగానే లేచి కిందికి జారిపోకూడదు. స్నేహితులు సాయానికని ఆ మంచు మీదుగా రాకూడదు, వస్తే జాడలు చెరిగిపోతాయి. పల్టీ ఎక్కడ మొదలైందో, అంటే స్కీ జాడ రెండు గీతల నుంచి ఒక గీతగా మారిన చోట, ఒక పోల్ గుచ్చి పెట్టాలి. మనిషి ఆగింది వేరే చోటు, స్కీ ఊడింది వేరే చోటు. మేం యాభై నిమిషాలు పోగొట్టుకున్నది ఈ రెంటికీ తేడా తెలియకే.

ఇక వెతికే తీరు. చాలామంది పోల్‌తో పొడుస్తూ పోతారు. అది శుద్ధ దండగ, లెక్క వేస్తే తెలిసిపోతుంది. వెతకాల్సిన జాగా ఆరు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు అనుకుందాం. పాతికేసి సెంటీమీటర్ల ఎడంతో పొడుచుకుంటూ పోతే నాలుగు వందల ఎనభై పోట్లు. అన్నీ పొడిచినా పది సెంటీమీటర్ల వెడల్పున్న స్కీ రెండు వరసల మధ్య సందులో పడుకుని ఉండొచ్చు. పాతిక సెంటీమీటర్ల లెక్క హిమపాతం (కొండ మీంచి ఒక్కసారిగా విరుచుకుపడే మంచు) కింద చిక్కుకున్న మనిషిని వెతకడానికి పెట్టుకున్నది. మనిషి ఒంటి వెడల్పుకు సరిపోతుంది, స్కీకి సరిపోదు.

దానికి బదులు మిగిలిన స్కీని ఊడదీసి, ముక్కు పట్టుకుని, తోకవైపు మంచులోకి నిలువుగా దించి, నాగలి చాలు వేసినట్టు లాగాలి. పడిన స్కీ ఎక్కువగా వాలు వెంబడి ముక్కు కిందికి పెట్టి ఉంటుంది కాబట్టి చాళ్లు వాలుకు అడ్డంగా వేయాలి. స్కీ పొడవు మీటరూ ముప్పావు, కనుక మీటరుకొక చాలు వేస్తే చాలు, ఏదో ఒకటి దాన్ని కోసుకునే పోతుంది. అదే జాగాకు ఆరేడు చాళ్లు. దొరక్కపోతే అప్పుడు వాలు వెంబడి నిలువు చాళ్లు. కింద నుంచి పైకి వెళ్లడం మేలు. పై నుంచి వస్తే మనం కదిపిన మంచు ఇంకా చూడని జాగా మీదికే పోతుంది. చాలు వేస్తుంటే తోక అరకలా సాఫీగా వస్తూ వస్తూ ఒక చోట 'టక్' మంటుంది. రాయి తగిలితే చెయ్యి జివ్వుమంటుంది. స్కీకి స్కీ తగిలితే బల్ల మీద కొట్టినట్టు డొల్ల చప్పుడు. ఒక్కసారి విన్నాక మర్చిపోరు.

దీనికి ఉన్న లోపం శ్రమ. స్కీ లేకుండా ఆ మంచులో నిలబడితే నడుం దాకా దిగబడతాం. పదడుగులు పైకెక్కడానికి ఊపిరి పోతుంది. ఇంకొకటి ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. దేవదారు, ఫర్ చెట్ల మొదళ్ల చుట్టూ కొమ్మల కింద మంచు గుల్లగా, బావిలా ఉంటుంది. స్కీ అటు పోయిందని తల వంచి వెతకబోయి అందులో తలకిందులుగా పడితే బయటికి రావడం చాలా కష్టం. అమెరికా, కెనడాల్లో వాలంటీర్లను జాగ్రత్తల మధ్య అలాంటి గుంటల్లో దించి చూస్తే వందలో తొంభై మంది సొంతంగా బయటపడలేకపోయారు. చెట్ల దగ్గర ఒంటరిగా వెతకొద్దు. స్కీ పోతే పోనివ్వండి.

ఇప్పుడు రిబ్బన్. పౌడర్ కార్డ్ అంటారు. గులాబీ రంగో, నారింజ రంగో కళ్లకు కొట్టొచ్చే పట్టీ, మీటరున్నర నుంచి రెండు మీటర్ల పొడవు. ఒక చివర బైండింగ్‌కు కట్టి, మిగతాదంతా ప్యాంటు అంచు లోపలుండే సాగే గుడ్డలో దోపుకుంటాం. కాలికి కట్టం, ఊరికే దోపుతాం, అంతే. బూటు ఊడగానే స్కీ తనతో దాన్ని లాక్కుపోతుంది. స్కీ మోకాలి లోతులో ఉన్నా రిబ్బన్‌లో ఎంతో కొంత పైనే తేలుతుంది. తెల్లటి మంచు మీద గులాబీ తోక. పట్టుకుని లాగుకుంటూ పోతే చివర స్కీ.

మార్చిలో అదే లోయలో నేను పడ్డాను. లేచి వెనక్కి తిరిగేసరికి మూరెడు రిబ్బన్ కనబడుతోంది. స్కీ చేతికి రావడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఎక్కువ సేపు పట్టింది బూటు అడుగున పేరుకున్న మంచు గీకి మళ్లీ బైండింగ్‌లో పెట్టుకోవడానికే.

దీని ధర జత ఇరవై ముప్పై డాలర్లు. కుట్టుపని సామాన్ల కొట్లో దొరికే వెడల్పాటి నైలాన్ రిబ్బన్ కొనుక్కుని చేసుకుంటే అంత కూడా కాదు. నేను అలాగే చేశాను. మడతపెట్టే తీరు ఒక్కటే జాగ్రత్తగా చూసుకోవాలి. చుట్టచుట్టి దోపితే ముడిపడి బయటికి రాదు. చీర కుచ్చిళ్లు పెట్టినట్టు ముందుకీ వెనక్కీ మడిచి దోపితే జరజరా వచ్చేస్తుంది. బైండింగ్ దగ్గర కట్టేటప్పుడు బ్రేకు కొమ్మ కదలికకు అడ్డం రాకుండా కట్టాలి. కట్టాక చేత్తో బ్రేకు నొక్కి వదిలి చూసుకోవాలి.

ఇబ్బందులు లేకపోలేదు. కొండ పైకి తీసుకెళ్లే లిఫ్ట్ ఎక్కేటప్పుడు జారి వేలాడితే చిక్కుకునే ప్రమాదం ఉంది. అందుకే లోతు మంచులోకి దిగే ముందు మాత్రమే విప్పి దోపుకుంటాను, చదును చేసిన దారుల్లో ఉన్నంతసేపూ బైండింగ్‌కే చుట్టి ఉంచుతాను. రోజూ పది నిమిషాలు ఈ పనికి పోతాయి. విసుగనిపించి మానేసే రోజే పడతామేమోనని నా భయం.

మా బావమరిదికి రిబ్బన్ నచ్చలేదు. అతను యాపిల్ ఎయిర్‌ట్యాగ్‌లు, అంటే వస్తువు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే చిన్న బిళ్లలు, రెండు కొని స్కీలకు అతికించాడు. "బావా, ఫోన్ తీస్తే బాణం గుర్తే చూపిస్తుంది, ఇంక వెతికేదేముంది" అన్నాడు. అతని మాటలో నిజం ఉంది. 2021లో వచ్చిన ఈ బిళ్ల ఒక్కొక్కటి ఇరవై తొమ్మిది డాలర్లు. నీళ్లు చొరబడవు. ఐఫోన్ 11 నుంచి చాలా మోడళ్లలో ఉండే ప్రత్యేకమైన చిప్‌తో దగ్గరికి వెళ్లినకొద్దీ దూరం, దిక్కు చూపిస్తుంది. పొడి మంచులో మేం పెట్టిన పరీక్షలో బాగానే పట్టింది. అడుగున్నర లోతులో పాతిపెట్టిన స్కీని మూడు నిమిషాల్లో తీశాం.

తర్వాత మా వైపు, కాస్కేడ్ తడి మంచులో అదే పరీక్ష పెడితే తడబడింది. ఆ సిగ్నల్‌ను నీరు మింగేస్తుంది. మంచులో నీరు ఎక్కువున్నకొద్దీ బాణం గుర్తు అటూ ఇటూ ఊగుతుంది, దగ్గరికి వెళ్తేగానీ కుదురుకోదు. బిళ్ల మోగించవచ్చు గానీ మంచు కింద ఆ చిన్న బీప్ వినపడదు.

అంతకంటే పెద్ద చిక్కు ఫోన్‌ది. బిళ్ల మైనస్ 20 డిగ్రీల దాకా పనిచేస్తుందని కంపెనీయే చెబుతుంది. ఐఫోన్‌కు అదే కంపెనీ చెప్పేది సున్నా నుంచి 35 డిగ్రీలు. వెతికే వస్తువుకంటే వెతికించే వస్తువుకే చలి ఎక్కువ. మైనస్ పదిహేనులో జేబులోంచి తీసిన ఫోన్ నలభై శాతం బ్యాటరీ చూపిస్తూనే ఆరిపోవడం నేను కళ్లారా చూశాను. గ్లవ్స్ తీయాలి, తడి వేళ్లకు స్క్రీన్ పలకదు. కొండ మీద ఫోన్ అంటే సాయం పిలవడానికి ఉన్న దారి కూడా, దాని బ్యాటరీ స్కీ కోసం ఖర్చుపెట్టడం నాకు ఇష్టం లేదు. అయితే ట్యాగ్ ఇంకో పనికి వస్తుంది. కెఫెటేరియా బయట ఆనించిన స్కీలను ఎవరైనా పొరపాటునో, కావాలనో పట్టుకుపోతే రిబ్బన్ ఏం చేయలేదు, ట్యాగ్ చెబుతుంది. అందుకు మాత్రం పెట్టుకోవచ్చు.

కొందరు అనుకునే ఇంకో రెండు మార్గాల గురించి గట్టిగానే చెప్పాలి, వద్దు అని. ఒకటి, మంచులో కూరుకుపోయినవాళ్లను సిగ్నల్‌తో కనిపెట్టే పాత హిమపాత ట్రాన్సీవర్‌ను స్కీకి కట్టడం. ఆ పరికరాలన్నీ ప్రపంచమంతా ఒకే 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. నిజంగా హిమపాతం వచ్చి మనుషులు కూరుకుపోతే, మన వాళ్ల చేతిలోని పరికరం ఆ స్కీ సిగ్నల్‌నే పట్టి అక్కడ తవ్విస్తుంది. మంచు కింద మనిషి బతికే అవకాశం ఎక్కువగా ఉండేది మొదటి పది పదిహేను నిమిషాలే. ఆ సమయం ఒక చెక్క ముక్క కోసం పోకూడదు.

రెండోది, స్కీని పట్టీతో కాలికి గట్టిగా కట్టేసుకోవడం. 1970లలో బ్రేకులు వాడుకలోకి రాకముందు అందరూ అదే చేసేవారు. స్కీ పోదు, నిజమే. కానీ పల్టీ కొడుతుంటే ఉక్కు అంచులున్న ఆ స్కీ మన చుట్టే గిరగిరా తిరిగి ముఖానికో మెడకో తగులుతుంది. హిమపాతంలో లంగరులా కిందికి లాగుతుంది. రిబ్బన్ కూడా పట్టీయే కదా అనొచ్చు. రిబ్బన్ మనిషిని పట్టుకోదు, జారిపోతుంది. తేడా అంతా అక్కడే.

వెతికే యంత్రం పంపే సిగ్నల్‌ను తిప్పికొట్టే రెక్కో అనే బిళ్ల గురించి కూడా అడుగుతుంటారు. 1973లో స్వీడన్‌లోని ఓరె కొండ మీద హిమపాతంలో స్నేహితుణ్ణి పోగొట్టుకున్న మాగ్నస్ గ్రాన్‌హెడ్ ఆలోచన అది. జాకెట్లలో కుట్టే ఆ చిన్న ప్రతిఫలకం మనిషిని వెతకడానికి గొప్ప సాధనం. వెతికే యంత్రం మాత్రం రక్షక దళాల దగ్గరే ఉంటుంది. స్కీ కోసం వాళ్లను పిలవలేం, పిలవకూడదు కూడా.

మరి ఎవరికి ఏది? కొత్తగా నేర్చుకుంటూ చదును చేసిన వాలు మీదే ఉండేవాళ్లకు ఏదీ అక్కర్లేదు, బ్రేకు చాలు. హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో గుల్‌మార్గ్ వెళ్లి మొదటిసారి స్కీయింగ్ కోర్సు చేసేవాళ్లు ఈ కోవలోకే వస్తారు. అక్కడి గోండోలా (రోప్‌వే) రెండో అంచెలో అఫర్వత్ శిఖరం వైపు, దాదాపు 3,950 మీటర్ల దాకా వెళ్లి చదును చేయని మంచులో దిగేవాళ్ల సంగతి వేరు. అక్కడ స్కీలు అద్దెవై ఉంటాయి, పోతే డబ్బు కట్టాలి, పైగా ఒక స్కీతో అంత ఎత్తు నుంచి కిందికి రావడమే ఒక పరీక్ష. అలాంటివాళ్లు ఇంటి దగ్గరే నాలుగు మీటర్ల రంగు రిబ్బన్ కొని బ్యాగులో వేసుకోండి. అద్దె స్కీకి అతికించాల్సింది, చెక్కాల్సింది ఏమీ లేదు, కట్టి విప్పేయొచ్చు. ట్యాగ్ ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు. సొంత స్కీలుండి పొడి మంచులో తిరిగేవాళ్లు రెండూ పెట్టుకోవచ్చు. తడి మంచు ప్రాంతాల్లో ట్యాగ్ మీద ఆశ పెట్టుకోవద్దు.

చాళ్లు వేయడం మాత్రం అందరూ ఒకసారి సాధన చేయాలి. ఇద్దరుంటే చాలు. ఒకరు అటు తిరిగితే ఇంకొకరు స్కీని పాతిపెట్టడం, తర్వాత వెతకడం. మేం మధ్యాహ్నం లంచ్ తర్వాత రెండుసార్లు చేశాం. మొదటిసారి పద్దెనిమిది నిమిషాలు, రెండోసారి ఏడు.

వెలుతురు పోతున్నా దొరక్కపోతే పోల్ గుచ్చిన చోట ఫోన్‌లో లొకేషన్ గుర్తుపెట్టుకుని దిగిపోండి. వాలు మీద భద్రత చూసుకునే ప్యాట్రోల్ వాళ్లకు చెప్పండి. మర్నాడు మెటల్ డిటెక్టర్‌తో వచ్చి ఉక్కు అంచును పట్టినవాళ్లున్నారు. మంచు కరిగాక మే, జూన్‌లలో గడ్డి మీద బయటపడే స్కీలూ ఉంటాయి. అందుకే మా ఇంట్లో ప్రతి స్కీ మీదా, బైండింగ్ వెనక, నీళ్లకు చెరగని స్టిక్కర్ మీద ఫోన్ నంబరు రాసి ఉంటుంది. మా బావమరిది కిందటి వారం ఫోన్ చేసి, "బావా, ఆ గులాబీ రిబ్బన్ ఇంకో నాలుగు మీటర్లు ఉందా?" అని అడిగాడు. రేపు పోస్టులో పంపిస్తున్నాను.