బ్యాక్ కిక్కా, స్పిన్నింగ్ హుక్కా, టోర్నడోనా? స్పారింగ్‌లో, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడేటప్పుడు, ఏది మేలు?

తైక్వాండో పాయింట్లు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. చెస్ట్ గార్డు మీద మామూలు కిక్‌కి 2, తలకి తగిలితే 3. అదే ఒళ్లు తిప్పి కొడితే చెస్ట్ గార్డుకి 4, తలకి 5. 2018 నుంచి వరల్డ్ తైక్వాండో లెక్క ఇది. అందుకే బెల్టు రంగు మారగానే పిల్లలు బొంగరాల్లా తిరగడం మొదలుపెడతారు. కానీ అన్ని పాయింట్లు ఊరికే ఇవ్వరు కదా. తిరిగే ఆ అర క్షణం మీ వీపు ఎదుటివాడి ముందుంటుంది, చూపు తప్పుతుంది, ఒంటి కాలి మీద ఉంటారు. కొట్టబోయి కింద పడితే గామ్‌జియోమ్ అనే పెనాల్టీ, అంటే ఎదుటివాడికి పుణ్యానికి ఒక పాయింటు.

నన్నడిగితే ముందు బ్యాక్ కిక్కే. మిగతా రెండూ దాని తర్వాతే. ఇది గాడిద తన్నినట్టు వెనక్కి సూటిగా పోతుంది. దారి దగ్గర, తిరగాల్సింది తక్కువ. దీన్ని వాడాల్సింది ఎదుటివాడు ఖాళీగా నిలబడి చూస్తున్నప్పుడు కాదు, అతను మీ మీదికి వస్తున్నప్పుడు. అతను వెనక కాలు లేపి రౌండ్ కిక్, అంటే పక్కనుంచి తిప్పి కొట్టే కిక్, మొదలుపెట్టాడనుకోండి. నడుము తిరుగుతుంది, పొట్ట మీ వైపు తెరుచుకుంటుంది, బరువంతా ఒక కాలి మీద ఉంటుంది, పైగా ముందుకే వస్తున్నాడు. మీ మడమకి అతనే ఎదురొస్తాడు. కుడి పక్కటెముకల కింద లివర్ దగ్గర తగిలిందంటే గార్డు ఉన్నా మనిషి వంగిపోతాడు.

చాలామంది తప్పు చేసేది ఎక్కడంటే, భుజాలూ కాలూ కలిపి ఒకేసారి తిప్పేస్తారు. అప్పుడు కాలు పక్కకు ఊడ్చుకుంటూ పోయి సైడ్ కిక్‌కీ బ్యాక్ కిక్‌కీ మధ్య ఏదో అవుతుంది. ముందు పాదం మునివేళ్ల మీద తిరగాలి, మడమ ఎదుటివాడి వైపు రావాలి. తల భుజం మీదుగా చూడాలి. ఆ తర్వాతే కాలు. మోకాలు మడిచి, నిలబడిన కాలి మోకాలిని దాదాపు రాసుకుంటూ పోవాలి. వీపు పూర్తిగా తిరగకముందే తన్నేస్తే సరిపోతుంది, ఇంకా తిరిగితే గురి తప్పుతుంది. అద్దం ముందు నెమ్మదిగా చేస్తే ఇదంతా కనిపిస్తుంది, ప్యాడ్ మీద ధనాధన్ కొడితే కనిపించదు.

స్పిన్నింగ్ హుక్, అంటే ఒళ్లు తిప్పి మడమతో తలని ఊడ్చినట్టు కొట్టే కిక్, దాని అందం వేరు, ఒప్పుకుంటాను. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 80 కిలోలు దాటినవాళ్ల ఫైనల్‌ని మూన్ డే సంగ్ మొదటి రౌండ్‌లోనే ముగించింది దీంతోనే, అదీ ఆతిథ్య దేశపు నికోలాయిడిస్ మీద. 2012లో యూఎఫ్‌సీ అనే ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) పోటీల్లో ఎడ్సన్ బార్బోజా టెర్రీ ఎటిమ్‌ని పడగొట్టిందీ ఇలా తిరిగి కొట్టిన కిక్కే. కానీ అవి మనకి గుర్తుండిపోవడానికి కారణం, అలా తగలడం అరుదు కావడమే. కాలు పెద్ద వలయం తిరిగి రావాలి, ఆ లోపు ఎదుటివాడు ఒక అడుగు లోపలికి వచ్చేస్తే మీ తొడ అతనికి తగులుతుంది, మడమ కాదు. ఎంఎంఏలో అయితే అక్కడే పట్టుకుని పడేస్తాడు.

మరి ఎప్పుడు? బ్యాక్ కిక్‌తో ఒకటి రెండు సార్లు పొట్ట మీద తగిలించాక. అప్పుడు మీరు తిరగగానే అతని మోచేతులు కిందికి దిగుతాయి, నడుము వెనక్కి పోతుంది, తల మాత్రం అక్కడే ఉంటుంది. అదే సమయం. బ్యాక్ కిక్ లేకుండా హుక్ నేర్చుకుంటే ఈ మోసం కుదరదు. అన్నట్టు, క్లబ్ స్పారింగ్‌లో మడమతో కొట్టకండి. అరికాలితో చెంప తట్టినట్టు తాకించండి, తోటివాడు రేపు కూడా ప్రాక్టీస్‌కి రావాలి. ఆ మాత్రం అదుపు చేతకానివాళ్లు తలకి గురిపెట్టకూడదు.

టోర్నడో పని పూర్తిగా వేరు. సూటిగా వెనక్కి పారిపోయేవాడి కోసం అది. తిరుగుడులోనే అడుగు ముందుకు కలిసిపోతుంది, అతను బ్యాక్ కిక్ అనుకుని ఇంకా వెనక్కి పోతాడు, గాల్లో కాళ్లు మార్చి రౌండ్ కిక్ దించుతారు. పక్కకు జరిగేవాడి మీద మాత్రం శుద్ధ దండగ. అలిసిపోయిన చివరి రౌండ్‌లోనూ వద్దు.

కరాటే వాళ్లకి ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. డబ్ల్యూకేఎఫ్ (వరల్డ్ కరాటే ఫెడరేషన్) రూల్స్‌లో తలకి ఏ కిక్ తగిలినా 3 పాయింట్లే, తిరిగినందుకు అదనంగా ఏమీ రాదు. ముందు కాలితో ముఖానికి కొట్టగలిగినవాడు తిరగడం ఎందుకు? తైక్వాండోలో కూడా మీ ముందు కాలు చురుగ్గా ఉంటే ఆ 3 పాయింట్లు రెండుసార్లు తెచ్చుకోవడం, ఒక్క 5 కోసం వీపు చూపించడం కన్నా తేలిక. రౌండ్ చివర్లో నాలుగైదు పాయింట్లు వెనకబడి ఉన్నప్పుడు లెక్క మారుతుంది, అప్పుడు తిరగాల్సిందే. కాకపోతే అప్పుడు మీరు తిరుగుతారని అతనికీ తెలుసు, దూరం పెట్టి కాచుకుంటాడు. ముందుగా ఒక రౌండ్ కిక్ వేసి అతన్ని ఎదురుదాడికి రప్పించి, వస్తుండగా బ్యాక్ కిక్ వేయండి.

మోకాలికి పాత దెబ్బ ఉన్నవాళ్లు పాదం అంటుకుపోయే మ్యాట్ మీద ఈ మూడూ మానుకోవాలి. పాదం కదలకుండా ఒళ్లు తిరిగితే లిగమెంట్ మీద పడుతుంది.