సాలిస్‌బరీ కెథీడ్రల్ టవర్ టూర్: 332 మెట్లు ఎక్కితే అర్థమయ్యే కట్టడం

ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీ కెథీడ్రల్‌కు వెళ్లేవారిలో చాలామంది కింది భాగమంతా తిరిగి, చాప్టర్ హౌస్‌లోని (చర్చి అధికారుల సమావేశ మందిరం) 1215 నాటి మాగ్నా కార్టా ప్రతిని (రాజు అధికారానికి హద్దులు పెట్టిన ఒప్పందపత్రం) చూసి వెనుదిరుగుతారు. ఆ ప్రతి చరిత్రకు ముఖ్యమైనదే గాని, ఈ కట్టడం ఎలా నిలబడి ఉందో నాకు తెలిసింది మాత్రం గైడు వెంట 332 మెట్లు ఎక్కించే టవర్ టూర్‌లోనే.

1220లో పునాదిరాయి పడిన ఈ చర్చి ప్రధాన భాగం 1258 నాటికే పూర్తయింది. మధ్యయుగపు కెథీడ్రళ్లను తరాల తరబడి కట్టడం వల్ల వాటిలో ఒక్కో భాగం ఒక్కో శైలిలో కనిపించడం మామూలు. ఇక్కడ మాత్రం కోసుగా లేచే కమానులు, సన్నని కిటికీలు, నల్లని పర్బెక్ పాలరాతి స్తంభాలు (పేరుకే పాలరాయి, నిజానికి మెరుగు పెట్టిన సున్నపురాయి) ఒకే మేస్త్రి కనుసన్నల్లో లేచినట్లు ఉంటాయి.

చిక్కంతా ఆ తరువాత వచ్చింది. 14వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో దీనిపై ఎత్తైన గోపురాన్నీ, దాని మీద స్పైర్‌నూ (కోసుగా లేచే శిఖరం) లేపారు. మొత్తం ఎత్తు 123 మీటర్లకు చేరి, బ్రిటన్‌లోని చర్చి స్పైర్లన్నిటిలోకీ ఇదే ఎత్తైనది అయింది. అయితే అదనంగా పడిన సుమారు 6,500 టన్నుల బరువును మోయవలసిన పునాది లోతు 1.2 మీటర్లు మాత్రమే, దాని కింద ఉన్నది గులకరాళ్ల పొర. గోపురం కింద నిలబడి తలెత్తి చూస్తే ఆ బరువుకు స్తంభాలు వంగిన తీరు మామూలు కంటికే కనబడుతుంది. 1668లో వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ దీన్ని పరీక్షించి, స్పైర్ ఒరిగి ఉందని కొలిచి చెప్పాడు.

టూర్‌లో అసలైన ఘట్టం స్పైర్ అడుగున ఉన్న గది. అక్కడినుంచి పైకి చూస్తే, కట్టే రోజుల్లో వేసిన చెక్క పరంజా రాతి శిఖరం కడుపులో అలాగే కనిపిస్తుంది. మధ్యయుగపు వడ్రంగి పనిని ఇంత దగ్గరగా చూసే వీలు అరుదు. బయటి వసారా నుంచి కనిపించే ఊరి దృశ్యం బాగానే ఉంటుంది గాని, నాకు ఆ దూలాల ముందు అది తేలిపోయింది.

మెట్లు ఇరుకైనవి, చుట్లు తిరిగేవి. మోకాళ్ల నొప్పులున్నవారు, ఎత్తుకు భయపడేవారు కింది భాగంతో సరిపెట్టుకోవడమే మంచిది. 1386 నాటిదని చెప్పే గడియారం అక్కడే ఉంది, అయితే దానికి ముఖఫలకం లేదు, అది గంటలు కొట్టడానికి చేసినది.