లోఫర్ సాక్స్‌తో విసిగి పొడుగు సాక్స్‌కి మారాక

మడమ దగ్గర సిలికాన్ పట్టీ ఉంది కాబట్టి జారదని అట్ట మీద రాసి అమ్మే లోఫర్ సాక్స్ ఏదో ఒక రోజు జారి తీరతాయి. కోపంతోనే అంటున్నాను, కానీ ఊరికే అనడం లేదు. నాది మెడికల్ రెప్ ఉద్యోగం, మందుల కంపెనీ తరఫున డాక్టర్లను కలిసి మందుల గురించి చెప్పే పని. విజయవాడ హెడ్‌క్వార్టర్స్, తెనాలి, గుడివాడ, ఏలూరు తిరుగుతుంటాను. ఇన్‌షర్ట్, టై, ఫార్మల్ ప్యాంటు, తోలు బూట్లు. ఇంతవరకు ఏ ఆఫీసు ఉద్యోగికైనా ఇదే వేషం. మా తంటా ఏమిటంటే, వెళ్లే క్లినిక్కుల్లో సగానికి పైగా గుమ్మం దగ్గరే ‘చెప్పులు బయట విడువవలెను’ అన్న బోర్డు ఉంటుంది. రోజంతా విప్పుడు, తొడుగుడు. లేసుల బూట్లతో అది అయ్యే పని కాదు కాబట్టి లేసుల్లేని లోఫర్లు. లోఫర్లలోకి ఏం వేసుకోవాలని షాపులో అడిగితే, బయటికి కనబడని ఆ చిన్న సాక్సులే తీసి చూపిస్తారు.

కొత్తలో నాకూ నచ్చాయి. గాలి ఆడుతుంది, ఉతికితే గంటలో ఆరిపోతాయి, బ్యాగులో ఇంకో జత పెట్టుకున్నా చోటు తినవు. అయితే సిలికాన్‌కి పట్టు ఉండేది అది చర్మానికి శుభ్రంగా అంటుకున్నంత కాలమే. దుమ్ము, చెమట, సబ్బు జిడ్డు దాని మీద పేరుకున్నాక జారడం మొదలవుతుంది. దానికి తోడు లోఫర్‌కి లేసు లేదు. కాలు బయటికి లాగేటప్పుడు బూటు వెనక అంచు సాక్సు అంచును పట్టుకుని తనతో పాటు లాగేస్తుంది. రోజుకు ఒకసారి విప్పేవాళ్లకు ఇది తెలియకపోవచ్చు. మాలాంటి వాళ్లకు మధ్యాహ్నానికల్లా సాక్సు మడమ కిందికి చేరి, నడిచినంతసేపూ పాదం కింద ఉండలా తగులుతుంటుంది.

ఏరియా మేనేజర్‌తో జాయింట్ వర్క్, అంటే ఆయన నా వెంట క్లినిక్కులు తిరిగే పని, ఉన్న రోజే ఇది పూర్తిగా చెయ్యిచ్చింది. సూర్యారావుపేటలో ఒక పెద్ద ఫిజీషియన్ గారి క్లినిక్. సాయంత్రం ఓపీ, వరండా నిండా పేషెంట్లు. మమ్మల్ని రమ్మని కాంపౌండర్ సైగ చేశాడు. గబగబా లోఫర్లు వదిలి, మందుల వివరాల బొమ్మల పుస్తకం, అదే విజువల్ ఎయిడ్, చేతిలో పట్టుకుని లోపలికి అడుగు పెట్టాను. అప్పుడే ఫినాయిల్‌తో తుడిచిన మొజాయిక్ నేల. కుడికాలికి చల్లగా తగిలింది. వెనక నుంచి కాంపౌండర్, “సార్, మీ సాక్సు షూలోనే ఉండిపోయింది” అని, వరండాలో ఆఖరి బెంచీ దాకా వినబడేలా అన్నాడు. తిరిగి వెళ్లి వేసుకుందామంటే డాక్టర్ గారు అప్పటికే తలెత్తి చూస్తున్నారు. ఆయన ముందు మాకు దొరికేది రెండు నిమిషాలు. అలాగే నిలబడి కొత్త బీపీ మందు గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన చూపు పేజీ మీద లేదు, నా కాళ్ల మీద ఉంది. చివరికి, “ఏమయ్యా, ఒక కాలికి చలి, ఇంకో కాలికి ఉక్కపోతా?” అన్నారు. పక్కన మా మేనేజర్ కూడా నవ్వేశాడు. మందు పేరు ఆయనకు గుర్తుందో లేదో గానీ, ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా ముందు నా పాదాల వైపు చూసేవారు.

ఆ వారమే మోకాలి కింది దాకా వచ్చే పొడుగు సాక్స్ కొన్నాను. స్కూల్ యూనిఫామ్ సాక్స్ లాంటి మందంవి కాదు. మెర్సరైజ్డ్ కాటన్‌తో, అంటే మెరుపు వచ్చేలా శుద్ధి చేసిన నూలుతో, పల్చగా, కాస్త నిగనిగలాడుతూ ఉంటాయి. అవి జారకపోవడానికి కారణం కాలి ఆకారంలోనే ఉంది. మామూలు సాక్సు పై అంచు పిక్క ఉబ్బు మీద ఆగుతుంది. అక్కడి నుంచి కిందికి కాలు సన్నబడుతుంది కాబట్టి అది అటే జారుతుంది. పొడుగు సాక్సు అంచు ఆ ఉబ్బు దాటి పైకి వెళ్లి కూర్చుంటుంది, ఇక కిందికి రావాలన్నా పిక్క అడ్డం. పొద్దున వేసుకున్నది రాత్రి దాకా ఉన్నచోటే ఉంటుంది. ఎన్ని గుమ్మాల దగ్గర బూట్లు విప్పినా వంగి సర్దుకునే పని లేదు. బండి నడిపేటప్పుడు ప్యాంటు పైకి లేచినా జానెడు కాలు బయటపడదు. ఇంత చిన్న విషయానికి ఇంత సంతోషమా అని మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ.

రంగుల విషయంలో అందరూ చెప్పే సూత్రం ఒకటుంది: సాక్సు బూటుకి కాదు, ప్యాంటుకి కలవాలి. నేవీ బ్లూ ప్యాంటు, బ్రౌన్ బూట్లు అయితే నేవీ బ్లూ సాక్సే. గ్రే ప్యాంటుకి దానికంటే ఒక ఛాయ ముదురు గ్రే. కూర్చున్నప్పుడు ప్యాంటుకీ బూటుకీ మధ్య కనబడే ఆ రెండు వేళ్ల మేర కోసం పెట్టిన సూత్రం అది. ఇంటి లోపల కూడా బూట్లతో తిరిగే దేశాలకు అంతవరకు సరిపోతుంది. మన దగ్గర క్లినిక్కు సరే, గృహప్రవేశానికి వెళ్లినా, పెళ్లి మండపం ఎక్కినా బూటు బయటే ఉంటుంది, సాక్సు మొత్తం జనం ముందు ఉంటుంది. అందుకే క్రీమ్, ఖాకీ రంగు కాటన్ ప్యాంట్లకు నేను ఆ సూత్రం వదిలేశాను. లేత రంగు సాక్సు రెండు క్లినిక్కులు తిరిగేసరికి అడుగున నల్లబడుతుంది. వాటికి ముదురు బ్రౌన్ వేస్తాను. మెరుగ్గా ఉందని ఎవరూ అనలేదు, బాలేదని కూడా అనలేదు. చారలు, బొమ్మలు ఉన్నవి జీన్స్ మీదికి సరదాగానే ఉంటాయి గానీ, డాక్టర్ గారి ముందు నిలబడేటప్పుడు చూపు కిందికి దించే పని ఏదీ వద్దు నాకు. తెల్లవి ఆదివారం స్పోర్ట్స్ షూకే.

కొనేటప్పుడు ఒకదాన్ని తిరగేసి వేళ్ల దగ్గర కుట్టు చూడండి. తాడులా లేచి ఉంటే సాయంత్రానికి చిటికెన వేలు ఒరుసుకుపోతుంది. చదునుగా కలిపినవి ధర కాస్త ఎక్కువ, తేడా మాత్రం మొదటి రోజే తెలుస్తుంది. అట్ట మీద పాలీఅమైడ్ అని ఉంటే కంగారు పడక్కర్లేదు, అది నైలానే. మడమకీ వేళ్లకీ అది కొంత ఉంటేనే బట్ట త్వరగా అరిగిపోదు. వంద శాతం కాటన్ అని గొప్పగా రాసినవి చెమట పీల్చి అలాగే తడిగా ఉండిపోతాయి, త్వరగా సాగిపోతాయి కూడా. ఇంకో మాట, ఒకే రంగువి ఒకేసారి నాలుగైదు జతలు తీసుకుంటే ఒకటి పోయినా మిగిలినవి జతపడతాయి.

ఇంత మెచ్చుకున్నాను గానీ, బెజవాడ ఎండల్లో పొడుగు సాక్సు సుఖం కాదు. మే నెలలో బండి ఇంజను వేడి, రోడ్డు సెగ, లోపల మోకాలి దాకా బట్ట. పిక్కల మీద చెమటకాయలు లేచాయి. ఇప్పుడు ఎండాకాలంలో మాత్రం పిక్క మధ్యకు వచ్చేవే వాడుతున్నాను, జారితే సర్దుకుంటున్నాను. పై అంచు ఎలాస్టిక్ కొన్ని జతల్లో మరీ బిగుతు, రాత్రి విప్పితే కాలి చుట్టూ అచ్చు పడుతుంది. మా నాన్నగారు తనకూ రెండు జతలు తెమ్మన్నారు, నేను తేలేదు. ఆయనకు షుగర్. షుగర్ ఉన్నవాళ్లు పై అంచు వదులుగా, లోపల కుట్టు తగలకుండా ఉన్నవే వేసుకోవాలని మా డాక్టర్లు పేషెంట్లకు చెప్పడం రోజూ వింటుంటాను. డాబా మీద మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేస్తే ఎలాస్టిక్ త్వరగా చస్తుంది. నీడన, తిరగేసి ఆరేస్తే ఎక్కువ కాలం వస్తుంది. అలా చేసినా ఒక జత అంచు వదులైపోయింది, అది కూడా ఖరీదైన జతే. బీసెంట్ రోడ్డులో బేరమాడి కొన్నవి ఇంకా నిక్షేపంగా ఉన్నాయి. ధరకీ మన్నికకీ సంబంధం ఏమిటో నాకింకా అంతుపట్టలేదు.

లోఫర్ సాక్సులు పారేయలేదు. లేసు బిగించే కాన్వాస్ బూట్లలో అవి కదలవు. షేర్వాణీ కింద మోజ్రీ వేసుకునే పెళ్లిళ్లకు కూడా అవే, విప్పేది ఒక్కసారే కాబట్టి ప్రమాదం తక్కువ.

పొద్దున లేసు కట్టుకుని సాయంత్రం దాకా ఏసీలో కూర్చునే ఉద్యోగమైతే నా గోలంతా మీకు అనవసరం, పిక్క మధ్యకు వచ్చే మామూలు నల్ల సాక్స్ చాలు. నాలా గుమ్మం గుమ్మానికీ బూట్లు విప్పేవాళ్లు, కాళ్లకు చెమట తక్కువైతే, పొడుగువి ఒక జత కొని చూడండి. వానలు పడ్డాక నేను నేవీ బ్లూ, గ్రే మళ్లీ తీసుకుంటాను. బ్రౌన్ తీసుకోను, ఖాకీ ప్యాంటు నడుముకి పట్టడం మానేసింది.