బలరాం ఆడిన మైదానం చూడటానికి కోల్‌కతా వెళ్లాం

ధర్మతల్లా వైపు లాడ్జి తీసుకునేవారు అడ్వాన్సుకు రసీదు ఇవ్వనిదే తాళంచెవి అందుకోకండి. మాకు ఫోనులో ఏసీ గది రోజుకు 1,800 రూపాయలన్నారు. తీరా దిగాక ఏసీ వేయాలంటే మరో 300, బకెట్టు వేడినీళ్లకు 40. ఖాళీ చేసే రోజు దుప్పటి మీద మరక చూపించి అడ్వాన్సులో 500 పట్టుకున్నారు. ఆ మరకను మొదటి రాత్రే నాన్నగారు గుమస్తాకు చూపించారు. అయినా మమ్మల్నే దబాయించాడు. డెబ్బై ఆరేళ్ల మనిషిని అలా నిలబెట్టి మాట్లాడటం నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ప్రయాణం హాయిగానే గడిచింది. వెళ్లిందే ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ క్లబ్బు కోసం. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడిన మన సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం ఆ క్లబ్బు ఆటగాడే. నాన్నగారికి చిన్నప్పటి నుంచీ ఆయనంటే ప్రాణం.

ఎస్ప్లనేడ్ మెట్రోలో దిగి మైదాన్ వైపు నడిచాం. గేటు దగ్గరున్న పెద్దాయన, హైదరాబాద్ నుంచి వచ్చామనగానే లోపలికి తీసుకెళ్లాడు. పైసా పుచ్చుకోలేదు. క్లబ్బు ఒక అవమానంలోంచి పుట్టిందట. 1920 జులై 28న మోహన్ బగాన్ క్లబ్బుతో ఆటకు జోడాబగాన్ క్లబ్బు తన ఆటగాడు శైలేశ్ బోస్‌ను పక్కన పెట్టింది. అది సహించలేక ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి బయటికొచ్చి, ఆగస్టు 1న మిత్రులతో కలిసి దీన్ని స్థాపించారు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవారికి ఈ ఎరుపు, పసుపు జెండాయే సొంత ఊరైంది. ఆ మాట చెబుతూ పెద్దాయన గోడను అరచేత్తో నిమిరాడు. పంచపాండవులని పేరుపడ్డ ముందువరుస ఆటగాళ్లు వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే ఐదుగురూ దక్షిణాదివారేనని ఆయనే గుర్తుచేశాడు. అప్పారావు పేరు రాగానే నాన్నగారు ఆయన చేయి పట్టుకున్నారు.

మధ్యాహ్నం భోజనానికి ఆవపిండితో ఆవిరిమీద ఉడికించిన ఇలిష్ చేప, ముక్క 420 రూపాయలు. ఖరీదే, కానీ తప్పకుండా తినండి. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్ ధర, ప్రత్యర్థి మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యల ధర పెరుగుతుందని వడ్డించే అబ్బాయి చెప్పాడు. లాడ్జి గొడవ తర్వాత నోరు విప్పని నాన్నగారు ముల్లు తీస్తూ, "ఇది మన పులసేరా, గోదావరిలో ఎదురీదేదే" అని రెండో ముక్క అడిగారు.