కిటికీ వెలుగా, సాఫ్ట్‌బాక్సా, ఎల్‌ఈడీనా: ముఖం ముఖంలా కనిపించాలంటే ఏది మేలు?

పెళ్లిచూపులకని స్టూడియోలో దిగిన ఫోటో చూసి ఇంట్లోవాళ్లే "ఇది మన పిల్లేనా?" అంటే తప్పు ఎక్కువసార్లు లైటు దగ్గరే మొదలై ఉంటుంది. నుదుటి మీద, ముక్కు మీద తెల్లగా కాలిన మెరుపులు, చెంప మీద గట్టి అంచున్న నీడ ఒకసారి పడ్డాక వాటిని కప్పడానికి చర్మమంతా నున్నగా రుద్దాల్సి వస్తుంది. అందుకని లైటునూ రిటచింగునూ (ఫోటో తీశాక కంప్యూటర్లో దిద్దడం) వేర్వేరుగా తూచి లాభం లేదు. ఏ లైటు రిటచింగుకు తక్కువ పని మిగులుస్తుందో అదే మేలు, ఆ లెక్కతోనే ఇక్కడ పోల్చాం.

కిటికీ, థర్మకోల్ షీటు

అనంతపురం, కర్నూలు, కడప ఇళ్లలో ఒక్క మనిషిని కూర్చోబెట్టి తీయడానికి దీన్ని మించింది లేదు. ఖర్చల్లా థర్మకోల్ షీటుదే. కాకపోతే షరతులున్నాయి. ఉత్తరం కిటికీకి ఎప్పుడూ ఎండ రాదని చెప్తుంటారు, మన వైపు అది పూర్తిగా నిజం కాదు. మనం 14 నుంచి 16 డిగ్రీల అక్షాంశంలో ఉన్నాం. సుమారు మే మొదటివారం నుంచి ఆగస్టు రెండోవారం దాకా మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. పొద్దున్నే, సాయంత్రం అయితే ఆ కిటికీలోంచి ఏటవాలుగా ఎండే లోపలికి వస్తుంది. ఆ నెలల్లో సజ్జా ఉన్న ఉత్తరం కిటికీ దగ్గర పది నుంచి మూడు లోపల పని ముగించుకోవాలి. ఎండ పడుతున్న కిటికీ తప్ప వేరే దారి లేకుంటే దానికి తెల్లటి పల్చటి పంచె అడ్డం కట్టండి.

రెండో చిక్కు నేలతో. నల్లటి కడప బండలు పరిచిన గదిలో నేల వెలుగును తాగేస్తుంది, తిరిగి పైకి ఏమీ రాదు. గడ్డం కింద, కళ్ల గుంటల్లో నలుపు కూర్చుంటుంది. చాలామంది దాన్ని "కంటి కింద నలుపు" అనుకుని ఫోటోషాప్‌లో చెరుపుతారు. కూర్చున్న మనిషి మోకాళ్ల ముందు తెల్ల దుప్పటి పరిస్తే సగం పోతుంది. మిగతా సగం థర్మకోల్ చూసుకుంటుంది: కిటికీకి ఎదురువైపు, ముఖానికి రెండడుగుల దూరంలో నిలబెట్టాలి. ఇంకా దగ్గరికి తెస్తే రెండు చెంపలూ ఒకే వెలుగులో తేలి ముఖం చదునవుతుంది.

గోడ రంగు కూడా చూసుకోవాలి. చిలకపచ్చ డిస్టెంపరు గోడ పక్కన కూర్చోబెడితే నీడ ఉన్న చెంపకు పచ్చదనం అంటుకుంటుంది. వైట్ బ్యాలెన్సు (తెలుపు తెలుపుగా కనిపించేలా రంగు సరిచేసే సెట్టింగు) మార్చి దాన్ని తీసేస్తే వెలుగున్న చెంప గులాబీ అవుతుంది. అటువైపు గోడకు కూడా ఒక తెల్ల దుప్పటి వేలాడదీయడమే మందు.

కిటికీకి మూడడుగుల దూరంలో కూర్చోబెట్టి, ముఖం 45 డిగ్రీలు వెలుగువైపు తిప్పండి. కిటికీ నేలదాకా ఉంటే కింది భాగాన్ని గుడ్డతో మూసేయాలి, లేకుంటే వెలుగు గడ్డం కిందినుంచి కొడుతుంది. క్రాప్ సెన్సర్ కెమెరా మీద 50 ఎంఎం లెన్సు, ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సర్ సున్నితత్వం) 400, ఎఫ్ (లెన్సు రంధ్రం అంకె) 2.8, షట్టరు వేగం 1/125 సెకను దగ్గర మొదలుపెట్టి అక్కడినుంచి సవరించుకోండి. గదిలో ట్యూబులైటు ఆర్పేయాలి, ఇది మరవొద్దు. ఒకే ముఖం మీద రెండు రంగుల వెలుగు పడితే ఏ వైట్ బ్యాలెన్సూ రెంటినీ ఒకేసారి సరిచేయలేదు.

సాఫ్ట్‌బాక్సు ఎప్పుడు గెలుస్తుంది

పొద్దు గుంకాక, ఫంక్షన్ హాల్లో, లేదా వరసగా ఇరవై మందిని ఒకే తీరుగా తీయాల్సినప్పుడు కిటికీ చేతులెత్తేస్తుంది. అక్కడ ఒక స్పీడ్‌లైటు (కెమెరాకు తగిలించే చిన్న ఫ్లాష్), 90 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్సు (ముందు తెల్ల గుడ్డ ఉన్న పెట్టె), ఒక స్టాండు చాలు. సెల్లులతో నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా పని ఆగదు.

చిన్న స్టూడియోల్లో తరచూ జరిగే పొరపాటు, దారికి అడ్డమని సాఫ్ట్‌బాక్సును మూలకు నెట్టడం. వెలుగు మెత్తదనం ఆ గుడ్డ వల్ల మాత్రమే రాదు, కూర్చున్న మనిషికి అది ఎంత పెద్దగా కనిపిస్తుందన్నదాన్ని బట్టి వస్తుంది. దాని వెడల్పు ఎంతో సుమారు అంత దూరంలో, అంటే ఒక మీటరులో పెడితే నీడ అంచు కరిగిపోతుంది. మూడు మీటర్లకు జరిపితే అదే సాఫ్ట్‌బాక్సు గట్టి నీడ వేస్తుంది. దూరానికి ఇంకో గుణం కూడా ఉంది. లైటు మీటరు దూరంలో, వెనక తెర ఇంకో మీటరు వెనక ఉంటే తెర మీద పడేది ముఖం మీది వెలుగులో నాలుగో వంతే, తెర దానంతట అదే ముదురుతుంది. లైటు మూడు మీటర్లలో, తెర నాలుగు మీటర్లలో ఉంటే తెరకు సగానికి పైగా వెలుగు అందుతుంది.

ముందు ఐఎస్‌ఓ 100, ఎఫ్ 5.6, 1/160 పెట్టి ఫ్లాష్ లేకుండా ఒకటి తీయండి. ఫ్రేము దాదాపు నల్లగా రావాలి. అంటే హాల్లోని రంగురంగుల లైట్లు మీ ఫోటోలోకి దూరడం లేదన్నమాట. తర్వాత ఫ్లాష్‌ను 1/16 పవర్ నుంచి పెంచుకుంటూ పోండి, నుదురు తెల్లగా కాలుతున్నట్టు కెమెరా హెచ్చరిస్తే ఒక మెట్టు తగ్గించండి. బాక్సు నడుమ భాగం కళ్లకంటే పైన ఉండి, ముక్కు నీడ పెదవిని తాకకుండా నోటి మూలవైపు పోతుంటే ఎత్తు సరిపోయినట్టే. క్లిక్ చేసే ముందు నుదుటికి టిష్యూ అద్దించండి. తుడిస్తే మేకప్ పోతుంది, అద్దితే నూనె మాత్రమే పోతుంది.

ఐదారుగురు నిలబడితే మాత్రం మీటరు దూరం పనికిరాదు. లైటు పక్కనున్నవాళ్లు కాలిపోతారు, చివరివాళ్లు చీకట్లో పడతారు. రెండున్నర మీటర్లకు వెనక్కి జరిపి, చిన్న బాక్సు బదులు పెద్ద గొడుగు వాడండి.

కెమెరా మీదే ఫ్లాష్ పెట్టి పైకప్పుకు కొట్టడం మూడో దారి. తెల్లటి స్లాబు ఉంటే బాగానే పని చేస్తుంది. పాత మిద్దె ఇళ్లలో దూలాలు, దంతెలు ఉంటాయి కదా, అక్కడినుంచి వచ్చే కొద్ది వెలుగూ గోధుమరంగులో దిగుతుంది. నేరుగా ముఖానికి కొట్టే పద్ధతి అసలు పోటీలోకే రాదు. పైగా టైటానియం డయాక్సైడ్ కలిసిన సన్‌స్క్రీన్ రాసుకున్న ముఖం దానికి బూడిద పూసినట్టు వస్తుంది.

ఎల్‌ఈడీ సంగతి

వీడియో తీసేవాళ్లకు తప్పదు. స్టిల్ ఫోటోకు మా లెక్కలో దీనిది చివరి వరస. చవక ప్యానెళ్లలో ఎరుపు సరిగా పలకదు, మన గోధుమరంగు చర్మానికి ప్రాణం ఆ ఎరుపులోనే ఉంది. కొనాల్సి వస్తే సీఆర్‌ఐ (రంగులు ఎంత నిజంగా పలుకుతాయో చెప్పే అంకె) 95కు పైన, ఆర్9 (ముదురెరుపు ఎలా పలుకుతుందో చెప్పేది) అంకె కూడా రాసి ఉన్నది చూసి కొనండి. 50 హెర్ట్జ్ కరెంటు మీద నాసిరకం లైటు సెకనుకు 100 సార్లు రెపరెపలాడుతుంది, 1/500 లాంటి వేగంలో ఫ్రేముకు అడ్డంగా చారలు పడతాయి, 1/100 లేదా 1/50కి దిగితే పోతాయి. ఇక రింగ్ లైటు ముఖాన్ని చదును చేసి కంటిపాపలో తెల్ల చక్రం వదులుతుంది. దాన్ని ఏ బ్రష్షుతోనూ సహజం చేయలేరు.

రిటచింగులో ఏది మేలు

బ్యూటీ యాప్ నిమిషంలో పని ముగిస్తుంది, చర్మ రంధ్రాలను కూడా చెరిపేసి. ఫోన్ తెర మీద తెలియదు గానీ 12×18 అంగుళాల ఫ్రేములో ముఖం మైనపు బొమ్మలా కనిపిస్తుంది. దానికన్నా పెద్ద చిక్కు, పసిబిడ్డ చెంప మీది దిష్టిచుక్కకూ, అవ్వ చేతి మీది పచ్చబొట్టుకూ, మొటిమకూ దానికి తేడా తెలియదు. దిష్టిచుక్క లేని ఫోటో ఇస్తే బిడ్డ తల్లి ఊరుకుంటుందా?

ఫ్రీక్వెన్సీ సెపరేషన్, అంటే చర్మం గరుకునూ రంగునూ రెండు పొరలుగా విడదీసే పద్ధతి, దానికంటే చాలా నయం. పొరను రెండు కాపీలు తీసి, కిందిదానికి గాసియన్ బ్లర్ ఇస్తారు. ముఖం ఫ్రేము నిండా ఉన్న 24 మెగాపిక్సెల్ ఫోటోకు 8 నుంచి 12 పిక్సెళ్లు, నడుము దాకా ఉంటే 4 నుంచి 6. పైదానికి 8 బిట్ ఫైల్లో అప్లై ఇమేజ్, సబ్‌ట్రాక్ట్, స్కేల్ 2, ఆఫ్‌సెట్ 128, ఆ పైన బ్లెండ్ మోడ్ లీనియర్ లైట్. ఇందులో చెడేది ఎక్కడంటే, కింది పొరను ఇంకా ఇంకా బ్లర్ చేస్తూ పోతే ముక్కు అంచు నీడ చెంపలోకి పాకి మురికిలా తేలుతుంది.

మా ఓటు మూడోదానికి: హీలింగ్ బ్రష్, తర్వాత డాడ్జ్ అండ్ బర్న్ (చిన్న చిన్న చోట్ల వెలుగు పెంచడం, తగ్గించడం). కొత్త ఖాళీ పొర మీద, శాంపుల్ "కరెంట్ అండ్ బిలో" పెట్టి, మచ్చకంటే కొంచెమే పెద్ద బ్రష్షుతో మొటిమలు, గీతలు తీయండి. పది పదిహేను రోజుల్లో దానంతట అది మానిపోయేది తీయొచ్చు. పుట్టుమచ్చ, పాత గాటు అడగనిదే ముట్టుకోవద్దు. కంటి కింది నలుపును ఇంకో పొర మీద తీసి, ఆ పొరను 40 శాతానికి తగ్గిస్తే చాలు. ఆ తర్వాత రెండు కర్వ్స్ పొరలు, ఒకటి వెలుగు పెంచేది, ఒకటి తగ్గించేది, రెండిటి మాస్కులూ నల్లగా. ఫ్లో 1 నుంచి 3 శాతం ఉన్న తెల్ల బ్రష్షుతో చర్మంలోని ఎగుడుదిగుడులను సమం చేయాలి. ఒక ముఖానికి అరగంట పైనే పడుతుంది కాబట్టి మూడొందల ఫోటోల పెళ్లి ఆల్బంకు ఇది కుదరని పని. ఆల్బంకు హీలింగ్, లైట్‌రూమ్‌లో టెక్స్‌చర్ మైనస్ 10తో సరిపెట్టి, ఫ్రేము కట్టించే పది ఫోటోలకే డాడ్జ్ అండ్ బర్న్ దాచుకోండి.

"కొంచెం తెల్లగా చెయ్యన్నా" అని అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు. ముఖం వరకు ఎక్స్‌పోజరు మూడో వంతు స్టాపు (ఒక స్టాపంటే వెలుగు రెట్టింపు) పెంచండి, మెడకూ చేతులకూ కూడా అంతే ఇవ్వండి. అక్కడితో ఆపాలి. చర్మం మీద రంగు అంకెలు చూస్తే ఎరుపు ఎక్కువ, ఆకుపచ్చ దానికంటే తక్కువ, నీలం అన్నిటికంటే తక్కువ ఉండాలి. నీలం ఆకుపచ్చను దాటితే ముఖంలో జీవం పోయినట్టే. నలుగు పెట్టిన పెళ్లికూతురు ముఖం పసుపుగా ఉందని వైట్ బ్యాలెన్సును చల్లబరిస్తే తెల్ల చీర నీలమవుతుంది. పసుపు రంగు సాంద్రతను ముఖం మీద మాత్రమే మైనస్ 10 దాకా తగ్గించండి, పూర్తిగా తీసేస్తే అది నలుగు ఫోటోనే కాదు.

12×18కి 300 పీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్లు) 3600×5400 పిక్సెళ్ల ఫైలు, ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో ఇవ్వాలి. ల్యాబులో ఇచ్చేటప్పుడు ఆటో కరెక్షన్ వద్దని రాసివ్వండి, లేకుంటే మీరు ఆపిన తెలుపును అక్కడి యంత్రం మళ్లీ మొదలుపెడుతుంది.